పాత ఆఫీసు ఎక్స్‌ఛేంజీ మూత తీస్తే లోపల ఏముంది? మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో ఒక మాట రాశాను, ఆఫీసుల్లో ఇంటర్‌కమ్ కోసం పెట్టిన పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు సొంత చిన్న టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ) మెషిన్లు ఇప్పుడు కిలోల లెక్కన తుక్కుకి పోతున్నయి, వేసే ముందు ఒక్కసారి మూత తీసి లోపలికి చూడండి అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తయని నేను అనుకోలేదు. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికీ ఊరి పేరు ఒక్కటే వేస్తున్నా.

ప్రశ్న: సార్, మా ఆఫీసులో 90ల నాటి ఈపీఏబీఎక్స్ తీసేశారు. 4 బయటి లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్లు. అడిగితే తీస్కపొమ్మన్నారు, ఇంటికి తెచ్చి మూత తీశాను. లోపల అన్నీ ఆకుపచ్చ కార్డులే, ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు. (హనుమకొండ)

జవాబు: కార్డులు చూసి బెదిరిపోకండి. ముందు ఏదీ పీకొద్దు, ఏ కార్డు ఏ స్లాట్‌లో ఉందో, ఏ రిబ్బన్ కేబుల్ ఎటు తిరిగి ఉందో ఫోన్‌తో ఫొటోలు తీస్కోండి, ఎందుకంటే చాలా మెషిన్లలో అన్ని స్లాట్లూ ఒకేలా కనపడతయి గానీ లోపల వైరింగ్ వేరే ఉంటది, ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్ల) కార్డు తీసుకెళ్ళి ట్రంక్ (బయటి లైన్ల) స్లాట్‌లో పెడితే కార్డు పోవచ్చు. ఆ తర్వాత నేను చెప్పే పద్ధతి ఒక్కటే, ఒక కాల్ ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతదో ఆ దారి వెంట మీరూ పోవడం. ఈ దారి పట్టుకుంటే ఏ కంపెనీ పెట్టె అయినా, ఏ కాలం నాటిదైనా అర్థమైపోతది, అందుకే ఈ సంచికలో జవాబులన్నిట్లో మళ్ళీ మళ్ళీ అదే చెప్తా.

బయట గోడ మీద పది జతల వైర్లు గుచ్చే క్రోన్ మాడ్యూల్ ఉండి ఉంటది, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. రెండు వైర్లు పెట్టెలోకి వచ్చి ఎక్స్‌టెన్షన్ కార్డు అంచుకి చేరతయి. అక్కడ మొట్టమొదట కనపడే గుండ్రటి బిళ్ళలు వేరిస్టర్లు, పిడుగు పడ్డప్పుడో, వైరు పోయి కరెంటు లైను మీద పడ్డప్పుడో వచ్చే ఎక్కువ ఓల్టేజీని అక్కడే ఆపడానికి పెట్టినవి. నల్లగా మాడి ఉంటే ఆ లైను ఏదో వానాకాలంలో దెబ్బ తిన్నట్టే. అవి దాటాక కార్డు మీద ఒకే డిజైను ఎనిమిది సార్లో పదహారు సార్లో వరసగా రిపీట్ అయి కనపడతది, ఒక్కో ముక్క ఒక్కో ఫోనుకి. ఆ ముక్కలో ఫోనుకి కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్లో చిన్న ట్రాన్స్‌ఫార్మరో ఉంటది, మీరు రిసీవర్ ఎత్తగానే కనిపెట్టే ఆప్టోకప్లర్ ఉంటది, గంట కొట్టాల్సొస్తే ఆ లైనుని రింగ్ వైపు మళ్ళించే రిలే (కరెంటు ఇస్తే అయస్కాంతంతో లాగే స్విచ్చి) ఒకటి ఉంటది. ఎనిమిది ముక్కల్లో ఏడు ఒకలా ఉండి ఎనిమిదోది వేరేగా ఉంటే ఎవరో రిపేరు చేసిన గుర్తు, అక్కడ కాస్త ఆగి చూడండి.

ఇక అసలు మాట కలిసే చోటు. ఆ కాలం చిన్న మెషిన్లలో ఎక్కువగా 40 కాళ్ళ చిప్పులు కనపడతయి, ఎంటీ8816 లాంటి నంబర్లు చూడండి. అది 8 అడ్డ గీతలు, 16 నిలువు గీతల వల, ప్రతి కూడలి దగ్గరా ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చి, మొత్తం 128. ఒక్కో ఫోను ఒక్కో నిలువు గీత అనుకోండి. 12 నంబరు వాళ్ళు 17 నంబరుతో మాట్లాడాలంటే, ఇద్దర్నీ ఖాళీగా ఉన్న ఒకే అడ్డ గీతకి కలిపితే సరి, అంతే స్విచ్చింగ్ అంటే! అందుకే ఇట్లాంటి మెషిన్లలో 24 ఫోన్లు ఉన్నా అందరూ ఒకేసారి మాట్లాడలేరు, గీతలు అయిపోతే మిగతావాళ్ళు ఆగాల్సిందే. మధ్యాహ్నం పూట రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ రాక మీ ఆఫీసులో ఎవరైనా విసుక్కుని ఉంటే అదొక కారణం అయ్యుండొచ్చు.

ఈ గీతల్ని ఎవరు ఎప్పుడు కలపాలో చెప్పేది సీపీయూ కార్డు. 8031 లేదా జెడ్80 లాంటి ప్రాసెసర్, పక్కన గాజు కిటికీ ఉన్న ఈప్రామ్ (ప్రోగ్రామ్ దాచే చిప్పు), దాని మీద వెర్షన్ నంబరు రాసిన స్టిక్కర్, ఇంకో ర్యామ్ చిప్పు, దానికో బ్యాటరీ. మిగిలింది ట్రంక్ కార్డు, అంటే బయటి లైన్లు వచ్చేది. ప్రతి లైనుకీ ఒక 600 ఓమ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది, బయటి ఎక్స్‌ఛేంజీ కరెంటూ మన పెట్టె కరెంటూ ఒకదానికొకటి తగలకుండా మాట మాత్రమే అవతలికి పోయేట్టు చేసేది అదే. అక్కడే ఇంకో రిలే చూడండి, కరెంటు లేనప్పుడు బయటి లైనుని నేరుగా ఒక ఎక్స్‌టెన్షన్‌కి కలిపేసేది. పవర్ పోతే రిసెప్షన్ ఫోనొక్కటే పనిచేసిందని చాలామందికి గుర్తుంటది, ఆ పని చేసింది ఈ చిన్న రిలేనే, కరెంటు ఉన్నంతసేపూ దాన్ని లాగి పట్టుకుంటారు, పోగానే స్ప్రింగ్ బలంతో వెనక్కి పడతది. ఎవ్వరూ ఏమీ నొక్కక్కర్లేదు. నాకు ఈ పెట్టెలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ప్రశ్న: టెలిఫోన్ లైన్లో 48 ఓల్టులు మైనస్‌లో ఉంటాయంటారు కదండీ, మైనస్ ఎందుకు? అసలు ముట్టుకుంటే షాక్ కొడుతుందా? మా అబ్బాయి పాత మెషిన్ ఒకటి తెచ్చి మేడ మీద విప్పుతున్నాడు, నాకు భయంగా ఉంది. (గుంటూరు)

జవాబు: మీ భయంలో తప్పేం లేదండి, కానీ భయపడాల్సిన చోటు వేరు. ముందు మైనస్ సంగతి చెప్తా. ఎక్స్‌ఛేంజీలో బ్యాటరీ ప్లస్ కొసని భూమికి కలిపేస్తారు, దాంతో వీధిలో పోయే రాగి వైరు భూమి కన్నా మైనస్‌లో ఉంటది. భూమిలో కేబుల్‌కి తేమ తగిలి కరెంటు కాస్త కాస్త లీకైనప్పుడు, రాగి ప్లస్‌లో ఉంటే అది కరిగి భూమిలోకి పోయి వైరు తినేసుకుపోతది, మైనస్‌లో ఉంటే ఆ తినడం బాగా తగ్గిపోతది. వానకి నానే కేబుళ్ళు ఏళ్ళ తరబడి నిలబడాలంటే ఇదే మార్గం అని ఎప్పుడో కనిపెట్టారు, ఇప్పటికీ టెలికాం పరికరాలు మైనస్ 48 మీదే నడుస్తున్నయి. చిన్న ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి 48 కూడా ఉండదు, 24తోనే లాగించేస్తారు.

షాక్ సంగతికొస్తే, పొడి చేత్తో 48 ఓల్టుల్ని ముట్టుకుంటే పెద్దగా తెలీదు. గంట కొట్టేటప్పుడు మాత్రం అదే వైర్ల మీద 75 ఓల్టుల దాకా ఏసీ వస్తది, అది గట్టిగానే కొడతది. దానికన్నా పెద్ద ప్రమాదం పవర్ సప్లైలో ఉంది. 230 ఓల్టుల ఏసీని నేరుగా డీసీ చేసే ఎస్‌ఎంపీఎస్ అయితే లోపలి పెద్ద కెపాసిటర్ మీద 325 ఓల్టుల దాకా నిలవ ఉంటది, ప్లగ్ పీకేసినా కాసేపు అట్లాగే ఉండిపోతది. మీటర్ పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టమనండి. ఇంకోటి, వెనకాల బ్యాటరీలు ఉంటే చేతి ఉంగరం, వాచీ, కడియం తీసేసి పని చెయ్యమనండి, షాక్ కొట్టని బ్యాటరీ అయినా దాని రెండు కొసల మధ్య ఉంగరం పడిందంటే ఎర్రగా కాలి వేలు పోతది. మేడ మీద విప్పుతున్నాడంటున్నారు, విప్పనివ్వండి, దగ్గర ఇంకో మనిషి మాత్రం ఉండాలి.

ప్రశ్న: నా దగ్గరున్న మెషిన్ సీపీయూ బోర్డు మీద ఒక మూల నీలం ఆకుపచ్చ కలిసిన పొడి లాంటిది పట్టింది. ఏమిటది? తుడిచేస్తే సరిపోద్దా? (ఏలూరు)

జవాబు: ఆ మూల పీపా ఆకారంలో చిన్న బ్యాటరీ ఒకటి, నీలం రంగో ఆకుపచ్చో తొడుగు వేసింది, బోర్డుకే టంకం పెట్టి ఉందేమో చూడండి. అది నికెల్ కాడ్మియం బ్యాటరీ, కరెంటు పోయినా ఎక్స్‌టెన్షన్ల సెట్టింగులు ర్యామ్‌లో నిలవడానికి పెట్టింది. ఏళ్ళ తరబడి వదిలేస్తే కారతది. కారేది ఆసిడ్ కాదు క్షారం, పొటాషియం హైడ్రాక్సైడ్, అది రాగి గీతల్ని పైన ఉన్న ఆకుపచ్చ పూత కింద నుంచి తినుకుంటూ పోతది, పైకి బాగానే కనపడే గీత లోపల తెగిపోయి ఉంటది. ఈ పాత మెషిన్లని చంపేది వయసు కన్నా ఎక్కువగా ఈ బ్యాటరీయే, అందుకే పాత పెట్టె ఏది చేతికొచ్చినా ఆన్ చేసే ముందే ఇది కత్తిరించి తీసెయ్యండి.

తుడిస్తే సరిపోదండి. చేతికి గ్లోవ్స్ వేస్కుని బ్యాటరీ తీసేశాక తెల్ల వెనిగర్‌లో ముంచిన బ్రష్షుతో ఆ చోటు మెల్లిగా రుద్దండి, నురగ ఆగిపోయాక డిస్టిల్డ్ వాటర్‌తో, ఆఖర్న ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత చిప్పు కాళ్ళ దగ్గర్నుంచి కాళ్ళ దగ్గరికి మీటర్ బీప్ పెట్టి ఒక్కో గీతా పరీక్షించాలి, ఓపిక కావాలి. తెగిన చోట సన్న వైరు వేస్తే చాలు. చిప్పు సాకెట్ల లోపలికి కూడా ఈ క్షారం ఎక్కుతది, పచ్చబడ్డ సాకెట్‌ని శుభ్రం చెయ్యడం దండగ, మార్చెయ్యండి. కొత్త బ్యాటరీని బోర్డు మీద పెట్టకుండా రెండు వైర్లు లాగి దూరంగా పెట్టండి. ఒకటి గుర్తు పెట్టుకోండి, ఆ సర్క్యూట్ బ్యాటరీని చార్జ్ చేస్తది, కాబట్టి మామూలు లితియం బిళ్ళ తెచ్చి నేరుగా పెట్టకూడదు, చార్జింగ్ కరెంటు అందులోకి పోకుండా డయోడ్ వెయ్యాలి.

ప్రశ్న: నేను 80ల్లో ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేశానండి. బోర్డు ముందు కూర్చుని తాళ్ళు గుచ్చడమే తప్ప దాని వెనక ఏముందో ఒక్కనాడూ చూడలేదు. ఎంగేజ్‌లో ఉన్న లైనుకి ప్లగ్ ఆనిస్తే చెవిలో టిక్ అనేది, అదెలా? (కాకినాడ)

జవాబు: అమ్మా, మీరు వాడింది పీఎంబీఎక్స్, మనిషి చేత్తో కలిపే బోర్డు. ఈ ఉత్తరం చూసి నాకు చాలా సంతోషం వేసింది, ఎందుకంటే స్విచ్చింగ్ అంటే ఏంటో అంత విప్పి చూపించే మెషిన్ ఇంకోటి లేదు, ఇందాక హనుమకొండ ఆయనకి చెప్పిన అడ్డ గీత ఉంది చూడండి, మీ చేతిలో తాడు జత సరిగ్గా అదే.

బోర్డు మీద ఒక్కో బెజ్జం వెనకా ఒక్కో ఫోను. మీ ప్లగ్‌కి మూడు భాగాలు, ముక్కు, దాని వెనక ఉంగరం, ఆ వెనక పొడుగు గొట్టం. ముక్కూ ఉంగరమూ మాట మోసే రెండు వైర్లు, గొట్టం లైను ఖాళీనా కాదా చెప్పడానికి. ఏదైనా బెజ్జంలో ప్లగ్ దూరిందంటే ఆ బెజ్జం చుట్టూ ఉన్న లోహపు అంచుకి ఓల్టేజీ వస్తది. మీరు ఇంకో ప్లగ్ ముక్కుని ఆ అంచుకి ఆనించగానే ఆ ఓల్టేజీ మీ హెడ్‌సెట్‌లోకి వచ్చి టిక్ అంటది, అంటే ఎంగేజ్. ఖాళీగా ఉంటే అంచు మీద ఏమీ ఉండదు, చప్పుడూ ఉండదు, ధైర్యంగా గుచ్చెయ్యొచ్చు. పెద్ద బోర్డుల్లో ఒకే లైనుకి చాలామంది ఆపరేటర్ల ముందు బెజ్జాలుంటయి కదా, పక్కావిడ ఎక్కడ గుచ్చిందో మీకు కనపడదు, అందుకు పెట్టిన ఏర్పాటు ఇది. బోర్డు కింద తలుపు తీసి చూసుంటే ఒక్కో తాడుకీ ఒక కప్పీ, దానికి వేలాడే బరువూ కనపడేవి, ప్లగ్ వదలగానే తాడు తనంతట తాను లోపలికి జారిపోయేది ఆ బరువు వల్లే. వెనక వైపు మాత్రం రిలేలూ, మైనం దారంతో కట్ట కట్టిన వైర్లూ, ఆ కట్టలు ఎంత అందంగా ఉండేవో చూస్తే తప్ప నమ్మరు, ప్రతి మలుపు దగ్గరా ముడి, ఒక్క వైరు కూడా బయటికి వేలాడదు. ఇప్పుడు స్టూడియోల్లో, గిటార్లకి వాడుతున్న పావంగుళం ప్లగ్ ఉంది చూడండి, అది మీ బోర్డు ప్లగ్ వంశమే.

ప్రశ్న: పాత సామాన్ల దగ్గర ఒక వస్తువు కొన్నాను. నిలువు కడ్డీ, దానికి పళ్ళు, కింద అర్ధచంద్రాకారంలో పది వరసల ఇత్తడి కాంటాక్టులు, పైన రిలేలు వరసగా. ఎక్స్‌ఛేంజీ ముక్క అన్నాడు. ఏ రిలే ఏం చేస్తుందో కనుక్కోవడం ఎలా? ఇంట్లో కదిలించి చూడొచ్చా? (సికింద్రాబాద్)

జవాబు: మీ చేతిలో ఉన్నది స్ట్రౌజర్ సెలెక్టర్. అమెరికాలో కాన్సాస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన ఆపరేటర్ అక్కర్లేకుండా ఫోను కలిపే ఈ ఉపాయానికి 1891లో పేటెంట్ తీసుకున్నాడు. తనకి రావాల్సిన కాల్స్‌ని ఆపరేటర్ పోటీదారుకి మళ్ళిస్తోందని అనుమానం వచ్చి కనిపెట్టాడని ఒక కథ చెప్తారు. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ ఊళ్ళో ఆపరేటర్ అక్కర్లేని మొదటి ఎక్స్‌ఛేంజీ పెట్టారు. మన దేశంలో 1948లో మొదలైన బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) వాళ్ళు ఇంగ్లండ్ కంపెనీ సహకారంతో ఈ స్ట్రౌజర్ పరికరాలే తయారుచేశారు, మీది కూడా ఆ కోవదే కావచ్చు, ఫ్రేము మీద అచ్చు చూడండి.

పని చేసే తీరు ఇది. డయల్ తిప్పి వదిలితే అది సెకనుకి పది చొప్పున లైనుని తెంపుతూ కలుపుతూ వెనక్కొస్తది, 6 తిప్పితే ఆరు తెంపులు. ఒక్కో తెంపుకీ కడ్డీ ఒక్కో మెట్టు పైకెక్కుతది. ఆఖరి సెలెక్టర్ అయితే నంబరు చివరి రెండంకెల్లో మొదటిదానికి పైకెక్కి, రెండోదానికి పక్కకి తిరుగుతది, పది అంతస్తులు, అంతస్తుకి పది గదులు, మొత్తం వంద ఫోన్లు. మధ్యలో ఉండే గ్రూప్ సెలెక్టర్ అయితే అంకె ప్రకారం పైకెక్కాక తనే గబగబా తిరిగి ఖాళీ దారి వెతుక్కుంటది.

ఇక మీరడిగిన రిలేలు. కాయిల్ మీద కాగితం లేబుల్ చదవండి, 200+200 అని ఓమ్‌లు రాసి ఉంటే అది 'ఏ' (A) అనే పేరున్న రిలే అయ్యే అవకాశం ఎక్కువ. ఫోనుకి కరెంటు దీని గుండానే పోతది, డయల్ తెంపినప్పుడల్లా ఇది వదులుతది, కలిపినప్పుడల్లా పట్టుకుంటది, అంటే అంకెల్ని వినేది ఇదే. దాని తర్వాతది బీ రిలే, దీన్ని కళ్ళతోనే గుర్తుపట్టొచ్చు, కాయిల్ ఒక కొస దగ్గర మందపాటి రాగి ముద్ద, ఉంగరంలాగా ఇరుసు చుట్టూ తొడిగి ఉంటది. కరెంటు ఆగిపోయినప్పుడు ఇరుసులో అయస్కాంతం తగ్గబోతుంటే ఆ తగ్గుదలే రాగి ముద్దలో కరెంటు పుట్టిస్తది, ఆ కరెంటు అయస్కాంతాన్ని ఇంకొంచెం సేపు నిలబెడతది. అందువల్ల బీ రిలే వెంటనే వదలదు. డయల్ ఒక్కో తెంపూ సెకనులో పదిహేనో వంతు, ఆ కాస్త తెంపుకి బీ రిలే చలించదు, కాబట్టి కాల్ నిలబడే ఉంటది. మీరు నిజంగా రిసీవర్ పెట్టేస్తే తెంపు పొడుగవుతది, అప్పుడు వదిలి మొత్తం విడుదల చేస్తది. సీ రిలేకీ రాగి ఉంటది, అంకె తెంపులు వస్తున్నంతసేపూ పట్టుకుని, అంకెకీ అంకెకీ మధ్య ఆగినప్పుడు వదిలి, ఈ అంకె అయిపోయింది ఇక పక్కకి తిరగొచ్చు అని చెప్తది. ప్రాసెసర్ లేదు, గడియారం లేదు, ఒక రాగి ముక్క మందంతో కాలాన్ని కొలిచారు! దీన్ని చూపించి చెప్పడానికి మించిన పాఠం ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉందనుకోను.

ఇంకో గుర్తు. కడ్డీని ఎక్కించే మాగ్నెట్, తిప్పే మాగ్నెట్ కాక విడుదల కోసం మూడో మాగ్నెట్ ఉందంటే పాత మోడలు. రెండే ఉంటే బ్రిటిష్ 2000 టైప్ రకం, అది విడుదలప్పుడు వెనక్కి రాదు, ముందుకే తిరిగి వరస చివర దాటి, అక్కడ కిందకి జారి, అడుగు నుంచి మొదటి చోటికి వస్తది.

ఇంట్లో కదిలించొచ్చు. 48 నుంచి 50 ఓల్టుల సప్లై, దానికి కరెంటు లిమిట్ తప్పనిసరి. నడిపేముందు చేత్తో కడ్డీని మెల్లిగా ఎత్తి దించి చూడండి, పాత ఆయిలు బంకలాగా పట్టేసి ఉంటది, అది కడిగి, తిరిగే చోట్ల మాత్రం పల్చటి ఆయిలు చుక్క వెయ్యండి. మాగ్నెట్‌కి ఎక్కువసేపు కరెంటు వదిలెయ్యొద్దు, అవి దెబ్బ దెబ్బకీ మధ్య విశ్రాంతి ఉంటదని చుట్టిన కాయిళ్ళు, కాలిపోతయి. రిలే కాంటాక్టుల్ని ఆకురాయితో గీకేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం విలవిలలాడతది, దయచేసి ఆ పని చెయ్యకండి, విజిటింగ్ కార్డు లాంటి గట్టి కాగితం ముక్కని ఆల్కహాల్‌లో తడిపి కాంటాక్టుల మధ్య పెట్టి లాగితే చాలు. స్ప్రింగ్ పత్తీల్ని వంచొద్దు, వాటి బిగువు గ్రాముల్లో కొలిచి సెట్ చేసింది.

ప్రశ్న: మా ఈపీఏబీఎక్స్‌లో ఒకోసారి డయల్ టోన్ వస్తది కానీ నంబర్ నొక్కినా టోన్ అట్లనే మోగుతుంటది. పెట్టేసి మళ్ళీ ఎత్తితే పనిచేస్తది. (నిజామాబాద్)

జవాబు: ఒకోసారి అన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. ఎప్పుడూ ఒక ఫోనుకే అయితే దాని కింద పల్స్ (పాత డయల్ లాగా తెంపులు) టోన్ స్విచ్చి పల్స్‌లో ఉందేమో చూడమనేవాణ్ణి. మీది అట్లా కాదు. బటన్ నొక్కితే వచ్చే ధ్వని రెండు స్వరాలు కలిసినట్టు రెండు ఫ్రీక్వెన్సీల జోడీ, 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్. దాన్ని గుర్తుపట్టే చిప్పులు మెషిన్లో ఫోనుకొకటి ఉండవు, రెండో మూడో నాలుగో ఉంటయి, ఎవరు రిసీవర్ ఎత్తితే వాళ్ళకి ఒకటి ఇచ్చి డయలింగ్ అయిపోగానే వెనక్కి తీసుకుంటది. వాటిల్లో ఒకటి చెడిపోతే అది ఎవరి వంతుకి వస్తే వాళ్ళకి మీరు చెప్పిన బాధ, పెట్టేసి ఎత్తితే వేరేది వస్తది కాబట్టి బాగుంటది. బోర్డు మీద 18 కాళ్ళ ఎంటీ8870 చిప్పులు వెతకండి, ఒక్కోదాని పక్కన 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటది (అమెరికా పాత కలర్ టీవీల్లో వాడిందే, లక్షల్లో తయారై చవగ్గా దొరికేది కాబట్టి అదే పెట్టారు). చాలాసార్లు పోయేది చిప్పు కాదు ఆ క్రిస్టలే, కింద పడ్డ మెషిన్ అయితే మరీను. రెండూ హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి, పెద్ద ఖరీదు వస్తువులు కావు.

ప్రశ్న: మా ప్రొఫెసర్ సీ-డాట్ గురించి చెప్పారు. ఆ డిజిటల్ ఎక్స్‌ఛేంజీ లోపల కూడా మీరు చెప్పిన వలలాంటి చిప్పులే ఉంటాయా? ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని. (తిరుపతి)

జవాబు: ఉండవు బాబూ, అక్కడ కథ మారిపోతది. సీ-డాట్ అంటే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ. సీ-డాట్‌ని 1984 ఆగస్టులో పెట్టారు, టెలికాం ఇంజనీరు శామ్ పిట్రోడా ముందుండి నడిపించారు, 36 నెలల గడువు, 36 కోట్ల బడ్జెట్ అని అప్పట్లో ఎంతో చెప్పుకున్నారు. ముందు చేసింది 128 పోర్టుల చిన్న మెషిన్, ఆఫీసులకి సొంత ఎక్స్‌ఛేంజీ, అంటే పీబీఎక్స్‌గానూ పల్లెలకి ఎక్స్‌ఛేంజీగానూ పనికొచ్చేట్టు. పల్లె ఎక్స్‌ఛేంజీ 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. ఏసీ లేకుండా మన ఎండకీ దుమ్ముకీ తట్టుకోవాలన్నది దాని షరతు, విదేశీ ఎక్స్‌ఛేంజీలకి చల్లటి గది కట్టాల్సొచ్చేది. ఆ షరతు పెట్టినవాళ్ళకి పల్లె అంటే ఏమిటో తెలుసు అని నేనంటాను.

లోపల దారి ఇట్లా ఉంటది. లైన్ కార్డు మీదే నీ గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి ఒక్కో కొలతనీ 8 బిట్ల అంకెగా మారుస్తరు, అంటే సెకనుకి 64 వేల బిట్లు. ఒకే వైరు మీద 32 మంది వంతులు వేసుకుంటే 20 లక్షల 48 వేల బిట్లు, ఒక రౌండు 125 మైక్రోసెకన్లలో తిరిగొస్తది. ఇప్పుడు 3వ వంతులో ఉన్నాయన 19వ వంతులో ఉన్నాయనతో మాట్లాడాలంటే వైర్లు కలపక్కర్లేదు, వచ్చిన అంకెల్ని వరసగా మెమరీలో రాసుకుని, చదివేటప్పుడు వరస మార్చి చదివితే చాలు. స్విచ్చి అంటే మెమరీ అయిపోయింది. కార్డు మీద ఫోనుకొక చిన్న కోడెక్ చిప్పు (గొంతుని అంకెలుగా మార్చేది) కనపడితే అది డిజిటల్ అని పట్టుకోవచ్చు. ప్రాజెక్టు చేసేటట్టుంటే ఒక సంగతి, గొంతుని అంకెలుగా మార్చే లెక్క మన దేశంలో యూరప్ పద్ధతి ఏ-లా, అమెరికా బోర్డుల్లో మ్యూ-లా, రెండూ కలిపితే గొంతు గరగరలాడతది, కార్డులు కొనేటప్పుడు చూస్కో.

ప్రశ్న: తాతగారి తిప్పే డయల్ ఫోన్‌ని ఫైబర్ నెట్ డబ్బాకి పెడితే మోగుతోంది, మాట వినపడుతోంది, డయల్ మాత్రం అవ్వట్లేదు. (విజయనగరం)

జవాబు: ఫోను బాగానే ఉందండి. ఆ డబ్బాల్లో చాలావాటికి తెంపులు లెక్కపెట్టడం రాదు, టోన్లే తెలుసు. పల్స్‌ని టోన్‌గా మార్చే చిన్న కన్వర్టర్ మధ్యలో పెట్టండి. లేదా ఈ సంచికలో చెప్పిన 90ల నాటి ఈపీఏబీఎక్స్ ఒకటి సంపాదించండి, వాటిల్లో చాలావాటికి పల్స్ అర్థమవుతది, తాతగారి ఫోనూ ఇంకో నాలుగు ఫోన్లూ ఇంట్లోనే ఒకదానికొకటి మోగించుకోవచ్చు.

ప్రశ్న: మెషిన్ పనిచేస్తోంది, దాన్ని అలాగే దాచుకోవాలనుంది. ముందు ఏం చెయ్యాలి? (ఖమ్మం)

జవాబు: ఈప్రామ్ కాపీ తీసి పెట్టుకోండి, మిగతావన్నీ తర్వాత. కెపాసిటర్ పోతే దొరుకుతది, రిలే పోతే దొరుకుతది, ఆ మెషిన్ కోసం ఎవరో రాసిన ప్రోగ్రామ్ పోతే ఎక్కడా దొరకదు, చేసిన కంపెనీలు కూడా కొన్ని ఇప్పుడు లేవు. ఈప్రామ్‌లో ప్రోగ్రామ్ చార్జ్ రూపంలో ఉంటది, అది ఏళ్ళు గడిచేకొద్దీ మెల్లిగా కారిపోతది, గాజు కిటికీ మీద స్టిక్కర్ ఊడి ఎండ తగిలితే ఇంకా త్వరగా పోతది. యూఎస్‌బీకి పెట్టుకునే ప్రోగ్రామర్ ఒకటి కొనండి, లేదా ఊళ్ళో టీవీ, ఇన్వర్టర్ బోర్డులు రిపేరు చేసేవాళ్ళ దగ్గర ఉందేమో అడగండి. చిప్పుని సాకెట్ నుంచి రెండు వైపులా కొంచెం కొంచెంగా లేపుతూ తియ్యండి, ఒక వైపే లేపితే కాళ్ళు వంగి విరుగుతయి. 27సి256 అని ఉంటే ఫైలు 32 కిలోబైట్లు రావాలి. ఒకటికి రెండుమూడు సార్లు చదివి అన్ని ఫైళ్ళూ ఒకేలా ఉన్నయో లేదో పోల్చండి, తేడా వచ్చిందంటే చార్జ్ పోతున్నట్టే, అప్పుడు చదివినంతవరకూ దాచి అదే మోడల్ ఉన్న ఇంకొకళ్ళ ఫైలుతో సరిచూసుకోవాలి. ఫైలు పేరులో మెషిన్ మోడలు, స్టిక్కర్ మీదున్న వెర్షన్, తేదీ రాయండి. అసలు స్టిక్కర్ పాడైతే దాని మీదే నల్ల టేపు ముక్క అంటించండి, ఊడబీకొద్దు, మీద పెన్నుతో రాసిన అంకెలు తర్వాత పనికొస్తయి.